ఫైలు చూపించనంటున్న కంపెనీ: ఈఎస్ఐ నిరుద్యోగ భత్యం కోసం ఏ కాగితం ఎక్కడ అడగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఏడేళ్లు పని చేశారు. జనవరిలో గేటు దగ్గర ఆపి రేపటి నుంచి రావద్దన్నారు. ఈఎస్ఐలో నిరుద్యోగ భత్యానికి పెట్టుకుంటే, మీరే మానేసినట్టు కంపెనీ చెప్పిందని దరఖాస్తు పక్కన పెట్టారు. మీరేమో రాజీనామా రాయనే లేదంటున్నారు. నా ఫైలు చూపించండి అంటే ‘అది కంపెనీ ఫైలు, బయటివాళ్లకు చూపించం’ అన్నారు. ఉద్యోగి అడిగిన 30 రోజుల్లో ఫైలు చూపించి తీరాలని ఒక వీడియోలో విన్నారు. అది నిజమేనా అని అడిగారు.

ఆ వీడియోలో చెప్పింది అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం. అక్కడ ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో అతని ఫైలు చూపించాలి, నకలు ఇవ్వాలి. ఉద్యోగం పోయినవారికీ ఆ హక్కు ఉంది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగి తన ఫైలంతా తెప్పించుకుని చూసుకోవచ్చని ఏ ఒక్క చట్టంలోనూ నేరుగా రాసి లేదు. కానీ నిరాశపడకండి. ఆ ఫైల్లో మీ భత్యానికి అవసరమైన కాగితాలు నాలుగైదే. వాటిని పేరు పెట్టి అడిగే దారులు ఉన్నాయి. కొన్నయితే కంపెనీ గడప తొక్కకుండానే దొరుకుతాయి.

నేను ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో 19 ఏళ్లు మస్టర్, అంటే హాజరు పుస్తకం, రాశాను. ఇప్పుడు గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూసిపెడుతున్నాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

ముందుగా కంపెనీ ‘మానేశాడు’ అనే మాటనే ఎందుకు రాస్తుందో చూడండి. మీ రోజు కూలి 500 అనుకుందాం. పని లేక తీసేశామని రాస్తే అది రిట్రెంచ్‌మెంట్. అప్పుడు నెల ముందు నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. ఏడాదికి 15 రోజుల చొప్పున ఏడేళ్లకు 105 రోజుల జీతం, అంటే సుమారు 52,500 నష్టపరిహారం ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి కాబట్టి, రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే సొమ్ము) కింద ఇంకో 15 రోజుల జీతం కూడా కట్టాలి. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. ‘తనే మానేశాడు’ అని రాసుకుంటే ఇవేవీ ఇవ్వక్కర్లేదు. అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద మీరు అడుగుతున్న భత్యం సగటు కూలిలో సగం, గరిష్ఠంగా 90 రోజులు. అంటే రోజుకు 250 లెక్కన 22,500. ఆ డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ, కంపెనీ కాదు. అయినా కంపెనీ అడ్డం పడుతోందంటే, ఈఎస్ఐకి ఒక మాట, లేబర్ ఆఫీసుకు ఇంకో మాట చెప్పడం కుదరదు కాబట్టే. మీ చేతికి వచ్చే కాగితం ఈ రెండు చోట్లా పనికొస్తుంది. అందుకని 22,500 కోసమే కదా అని వదిలేయకండి.

గ్రాట్యుటీ వేరే లెక్క. ఏడేళ్లు నిండాయి కాబట్టి మీరే మానేశారని వాళ్లన్నా అది ఇవ్వాల్సిందే. ఆ దరఖాస్తు ఈ గొడవ తేలేదాకా ఆపకండి.

ఇక ఈఎస్ఐ ఏం చూస్తుందో చెప్తాను. ఉద్యోగం పోయే ముందు కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఆ రెండేళ్లలో మిగిలిన మూడు పీరియడ్‌లలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు ఉండాలి. పీరియడ్ అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకొకటి. దుష్ప్రవర్తన కింద శిక్ష పడి పోయినవారికి, రిటైరైనవారికి, స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి ఈ భత్యం రాదు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. 2018 జులైలో మొదలైన ఈ పథకానికి ఎప్పటికప్పుడు గడువు పొడిగిస్తూ వస్తున్నారు. కాబట్టి మళ్లీ పెట్టే రోజున అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి.

అంటే మీ గొడవంతా ఒక్క మాట మీదే ఉంది: మీరు మానేశారా, వాళ్లు మాన్పించారా. దాన్ని తేల్చే కాగితాలే మనకు కావాలి.

మొదట మీ ఫోన్‌లో దొరికేవి తీసుకోండి. పీఎఫ్ పోర్టల్‌లో యూఏఎన్‌తో (మీ పీఎఫ్ గుర్తింపు నెంబరు) లాగిన్ అయితే సర్వీస్ హిస్టరీలో మీరు చేరిన తేదీ, మానిన తేదీ ఉంటాయి. పాస్‌బుక్‌లో ఏ నెల వరకు డబ్బు పడిందో ఉంటుంది. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ ఐపీ నెంబరుతో (ఈఎస్ఐ బీమా నెంబరు) ఏ నెలలో ఎన్ని రోజులకు చందా కట్టారో కనిపిస్తుంది. ఈ మూడూ ఈరోజే ప్రింటు తీసుకోండి. గొడవ మొదలయ్యాక తేదీలు మార్చిన సందర్భాలు నేను చూశాను. పాత ప్రింటు ఉంటే ఆ మార్పు కూడా సాక్ష్యమే.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి. కంపెనీ నెలనెలా ఈఎస్ఐ చందా ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు, ఎవరికైనా సున్నా రోజులు పడితే ఎందుకో ఒక కారణం ఎంచుకోవాలి. లీవులో ఉన్నాడు, సర్వీసు వదిలాడు, రిటైరయ్యాడు, సమ్మె లేదా లాకౌట్, రిట్రెంచ్‌మెంట్, పని లేదు, ఇలా ఒక పట్టీ ఉంటుంది. టైమ్ ఆఫీసులో కూర్చున్న కుర్రాడు నెలాఖరు హడావుడిలో అందరికీ ‘సర్వీసు వదిలాడు’ అనే నొక్కేస్తాడు. నేనూ అలా నొక్కినవాడినే. దాని వల్ల ఒక మనిషికి మూడు నెలల అన్నం పోతుందని అప్పట్లో నాకు తెలియదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీ విషయంలో కంపెనీ ‘రాసింది’ అంటున్నది ఉత్తరమా, లేక ఈ పట్టీలో ఎంచుకున్న కారణమేనా అనేది ముందు తేల్చుకోవాలి. పట్టీలో కారణమే అయితే దాని వెనక మీ సంతకం ఉన్న కాగితం ఏదీ ఉండకపోవచ్చు.

అది తేల్చుకోవడానికి దారి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం. ప్రైవేటు కంపెనీకి ఆర్టీఐ వర్తించదు, నిజమే. కానీ ఈఎస్ఐ కార్పొరేషన్‌కు, పీఎఫ్ ఆఫీసుకు వర్తిస్తుంది. మీ గురించి కంపెనీ వాళ్లకు పంపింది వాళ్ల రికార్డే. పది రూపాయల ఫీజుతో, ఆన్‌లైన్‌లో గానీ పోస్టల్ ఆర్డర్ జతచేసి గానీ ఇలా అడగండి: ‘నా ఐపీ నెంబరు ఫలానా. నా నిరుద్యోగ భత్యం దరఖాస్తు మీద యజమాని పంపిన సమాధానం నకలు, దానికి జతచేసిన పత్రాల నకళ్లు, నా దరఖాస్తు ఫైలులోని నోటింగ్స్, ఫలానా నెల నుంచి నా పేరున యజమాని నమోదు చేసిన కారణం వివరాలు ఇవ్వగలరు.’ మీ గుర్తింపు కార్డు నకలు జతచేయండి. అడుగుతున్నది మీ సొంత సమాచారమేనని తెలుస్తుంది. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. ‘నాకు ఎందుకు ఇవ్వలేదు’ అని మాత్రం రాయకండి. ఆర్టీఐలో ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు, ‘ఫలానా కాగితం నకలు’ అంటే వస్తుంది.

ప్రభుత్వ కార్పొరేషన్లో గానీ, ప్రభుత్వ ఆఫీసులో గానీ పని చేసినవారు ఈ దారిలోనే నేరుగా తమ సర్వీసు ఫైలు అడగవచ్చు. మీది ప్రైవేటు కాబట్టి దాని మీద ఎక్కువ రాయను.

ఆ తర్వాత కంపెనీకి ఉత్తరం. ‘నా ఫైలు చూపించండి’ అని రాయకండి. ఆ మాటకు ‘కుదరదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాగితం కాగితం పేరు పెట్టి అడగండి: నా అపాయింట్‌మెంట్ లెటర్ నకలు, చివరి 12 నెలల పేస్లిప్పులు, చివరి మూడు నెలల హాజరు వివరాలు, నేను ఇచ్చానని మీరు చెబుతున్న రాజీనామా పత్రం నకలు, దాన్ని ఆమోదిస్తూ మీరు ఇచ్చిన ఉత్తరం నకలు, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క, సర్వీస్ సర్టిఫికెట్. ఒక్కోటి ఒక్కో వరుసలో రాయండి. చివర ఒక్క వాక్యం చేర్చండి: ‘నేను ఏ తేదీనా రాజీనామా ఇవ్వలేదు.’ ఆ వాక్యం తప్పనిసరి. తర్వాత కేసు నడిస్తే, ఈ మాట మొదటి రోజు నుంచీ అంటున్నారా అని అడుగుతారు.

ఇందులో కొన్ని మీకు హక్కుగా రావలసినవే. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. పేస్లిప్ వేతన చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే. మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో (ఫ్యాక్టరీ సర్వీసు షరతులకు ప్రభుత్వం పెట్టిన నమూనా నియమాలు) పర్మినెంటు కార్మికుడికి తొలగించినప్పుడైనా, రిటైరైనప్పుడైనా సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలని ఎప్పటి నుంచో ఉంది. మీరు కాంట్రాక్టరు కింద ఉన్నారా? అయితే చేసిన పని వివరాలతో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగితే కాంట్రాక్టరు ఇచ్చి తీరాలని కొత్త కోడ్‌లోనూ ఉంది. తీసేసినా, మీరే మానినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

ఉత్తరం చేతికిస్తే గేటు దగ్గర తీసుకోరు. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, ఎక్నాలెడ్జ్‌మెంట్ అడిగి పంపండి. 2025లో మార్చాక పాత రిజిస్టర్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. హెచ్ఆర్ మెయిల్‌కు కూడా ఒక కాపీ పెట్టండి. వాళ్లు జవాబివ్వకపోయినా నష్టం లేదు. అడిగారు, ఇవ్వలేదు అన్నది రుజువైతే చాలు, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడ ఒక కేసు చెప్తాను. మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. గుణుపురం వైపు మనిషి, ప్యాకింగ్‌లో ఎనిమిదేళ్లు. ఆయనదీ ఇదే కథ. లేబర్ ఆఫీసులో కంపెనీ తరఫు మనిషి ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పైన ఒడియాలో ‘ఇస్తఫా పత్ర’ అని ఉంది. మిగతా నాలుగు లైన్లూ ఒడియాలోనే, నీలం ఇంకుతో, గుండ్రటి చేతిరాత. కింద సంతకం తెలుగులో, నల్ల ఇంకుతో, కాగితం అడుగు అంచుకు ఆనుకుని ఉంది. పైన మేటరుకు, ఆ సంతకానికి మధ్య జానెడు ఖాళీ. ఈయనకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ అక్షరం రాయడం రాదు. ‘సంతకం నాదే, కాగితం నాది కాదు’ అన్నాడు. చేరిన రోజున తెల్లకాగితాల మీద రెండు సంతకాలు పెట్టించుకున్నారట.

సంతకం తనదేనన్నాడు కాబట్టి కథ అయిపోయిందని కంపెనీ మనిషి అనుకున్నాడు. నేను తేదీ చూశాను. రాజీనామా మీద మార్చి 11 అని ఉంది. అప్పటికే మేము హాజరు వివరాలు అడిగి ఉన్నాం. లేబర్ ఆఫీసర్ మస్టర్ తెప్పించారు. మార్చి 12, 13, 14 మూడు రాత్రులూ ఈయన సి షిఫ్టులో ఉన్నాడు. 13న నాలుగు గంటల ఓవర్‌టైమ్ కూడా పడింది. రాజీనామా ఇచ్చి వెళ్లిపోయిన మనిషికి ఓవర్‌టైమ్ ఎలా వస్తుందని ఆఫీసర్ అడిగితే, కంపెనీ మనిషి ఫైలు మూసేశాడు. ఇంకో రెండు వాయిదాల్లో సెటిల్ చేసుకున్నారు. ఈఎస్ఐకి కూడా సవరించి రాసిచ్చారు.

అందుకే రాజీనామా నకలుతో పాటు హాజరు వివరాలు కూడా అడగమన్నాను. ఒకదాని పక్కన ఒకటి పెడితేనే అబద్ధం బయటపడుతుంది. టైమ్ ఆఫీసులో ఉన్నవాడిగా చెబుతున్నాను. ఫైల్లో కాగితం ఎప్పుడైనా చేర్చవచ్చు. మస్టర్, వేజ్ రిజిస్టరు, పీఎఫ్ చలాను, ఈఎస్ఐ చందా, క్యాంటీన్ కూపన్ల లెక్క, గేటు పంచింగ్, ఇన్నింటినీ ఒకేసారి ఒకే కథకు సరిపోయేలా మార్చడం ఎవరి వల్లా కాదు.

కంపెనీ ఏదీ ఇవ్వకపోతే జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గర దరఖాస్తు పెట్టండి. తీసివేత గొడవను ఒక్క కార్మికుడైనా వేయవచ్చు, యూనియన్ ఉండక్కర్లేదు. రాజీ కుదరక 45 రోజులు దాటితే మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో ఇందుకు మూడేళ్ల గడువు ఉండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లే. రాయగడ వైపు కేసులు ఇన్నాళ్లూ జయపురం లేబర్ కోర్టుకు వెళ్లేవి. కొత్త కోడ్ కింద ఇప్పుడు ఎక్కడ వేయాలో లేబర్ ఆఫీసులోనే చెబుతారు.

ఫైలు తెరిపించే అసలు అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. పత్రాలు తెమ్మని ఆదేశించే విషయంలో సివిల్ కోర్టుకు ఉన్న అధికారం దానికీ ఉంటుంది. 2005లో సుప్రీంకోర్టు ఆర్.ఎం. ఎల్లట్టి కేసులో చెప్పిన మాట మీకు బాగా పనికొస్తుంది. ఆయన కర్ణాటకలో రోజుకూలీ. ఏడాదికి 240 రోజులు పని చేశానని రుజువు చేయాల్సింది కార్మికుడే అని కోర్టు చెప్పింది. కానీ రోజుకూలీ దగ్గర అపాయింట్‌మెంట్ లెటరూ రసీదులూ ఉండవు కదా, అందుకే మస్టర్ రోలు, వేజ్ రిజిస్టరు తెప్పించమని అతను అడగవచ్చు అని కూడా చెప్పింది. యజమాని వాటిని తేలేదన్న ఒక్క కారణంతోనే కేసు గెలిచినట్టు కాదు. కార్మికుడు ముందు బోనెక్కి తన మాట చెప్పాలి, తన దగ్గర ఉన్నది చూపించాలి. ఎల్లట్టి దగ్గర ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. అదే ఆయన్ను నిలబెట్టింది. మీ ఉత్తరం, పోస్టు రసీదు, పోర్టల్ ప్రింట్లు ఇప్పుడే దాచుకోమనేది అందుకే.

కొత్త డేటా రక్షణ చట్టం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 2023 చట్టంలో మన వివరాలు ఏమున్నాయో అడిగే హక్కు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ఇప్పుడు ఆగకండి. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఆ హక్కుల భాగం అమలుకు 18 నెలల వ్యవధి పెట్టారు. పైగా ఆ హక్కు మనం అనుమతి ఇచ్చి అప్పజెప్పిన డేటాకు సంబంధించింది. ఉద్యోగ అవసరాల కోసం యజమాని అనుమతి లేకుండానే వాడుకోగలిగే వివరాలు వేరుగా ఉన్నాయి. కాగితాల ఫైలుకైతే అసలు వర్తించదు.

నేను గెలిపించలేకపోయిన కేసు కూడా చెప్పాలి. ఒక తమ్ముడు, ఇద్దరు చిన్న పిల్లలు. పని పోయిన వారానికి కంపెనీ పిలిచి 18,000 చెక్కు ఇచ్చింది. వోచరు మీద సంతకం పెట్టాడు. ఆ వోచరు కింద ఇంగ్లీషులో సన్నని అక్షరాలతో, నా ఇష్టప్రకారం రాజీనామా చేశాను, నాకు ఇక ఏ బకాయీ లేదు అని ఉంది. ఆయన తెచ్చిన ఫోటోలో అది చదివినప్పుడు నాకు చేతులాడలేదు. లేబర్ ఆఫీసులో ఎంత చెప్పినా ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. చెక్కు తీసుకోవడం తప్పని అనను, ఇంట్లో బియ్యం కావాలి. కానీ సంతకం పక్కన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను, రాజీనామా ఇవ్వలేదు’ అని మీ చేత్తో తెలుగులోనైనా రాసి, ఫోటో తీసుకోండి. రాయనివ్వకపోతే డబ్బు ఖాతాలో వేయమనండి. ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఉన్న కాగితాన్ని ఎవరితోనైనా చదివించుకోకుండా సంతకం పెట్టకండి. మన సరిహద్దు ఊళ్లలో సగం కేసులు ఇక్కడే పోతున్నాయి.

ఒకటి మాత్రం చేయకండి. ఎవరో చెప్పారని మధ్యలో వేరే చోట పని చేసిన రోజులు దాచి భత్యం అడగొద్దు. ఈఎస్ఐలో తప్పుడు సమాచారం ఇస్తే శిక్ష ఉంది. పైగా కొత్త యజమాని చందా కడితే మీ ఐపీ నెంబరు మీదే కనిపిస్తుంది. ఉన్న నిజం కూడా అప్పుడు ఎవరూ నమ్మరు.

మీ ప్రశ్నలో రెండు వివరాలు లేవు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మానిన తేదీ ఏమని ఉంది? ఈఎస్ఐ పోర్టల్‌లో జనవరి నెలకు ఎన్ని రోజులకు చందా పడింది? ఆ రెండూ చూసి ఇక్కడే రాయండి. యూఏఎన్, ఐపీ నెంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి. ఆ తేదీలు తెలిస్తే కంపెనీకి పంపాల్సిన ఉత్తరం నేనే రాసిస్తాను, రేపే పోస్టు చేయొచ్చు.